పైగుడ్డ క్రింద బేరము

నేడు నేను ప్రసంగింపబోవు విషయము మీకు తెలియనిది కాదు. నాకంటె మీలో పలువురకు బాగుగా తెలిసినదే. సంతలోను, పరసలోను, తిరునాళ్లలోను వస్తువు కొనుటయు, దానికై బేరమాడుటయు నా విషయము. ఇందు చరిత్ర యేమున్నదని మీరడుగవచ్చును. రాజులు గెలిచిన కోటల సంగతి పుస్తకములకెక్కినది గాని, వంకాయల గంప ముందు కూర్చున్న ముసలమ్మకును, ఎదుట నిలిచిన వానికిని నడచిన మాటలను ఎవరును వ్రాసిపెట్టలేదు. అయినను మన సీమ బేరమొకదానిని మాత్రము దూరదేశపు వర్తకుడొకడు కన్నులార చూచి, ఆశ్చర్యపడి, తన పుస్తకములో పూసగ్రుచ్చినట్లు వ్రాసికొనిపోయెను. అది వజ్రముల బేరము. దానిని మొదటిసారి చదివినప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది వజ్రము కాదు, మా అబ్బ భుజముమీది పైగుడ్డ. కావున అక్కడనుండియే మొదలుపెట్టెదను.

అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. 1955వ సంవత్సరము, సంక్రాంతి వెళ్లిన దినములు. మా తండ్రిగారి తండ్రిని మేము అబ్బ అనియు, నాయనమ్మను జేజి అనియు పిలిచెడివారము. అంతకు నెల దినముల క్రిందట మా యెద్దుల జతలో దాపటిది గొంతువాపు వచ్చి మూడు దినములలో పడిపోయెను. ఒంటి యెద్దుతో అరక సాగదు. మెట్టసేద్యపు సంగతి మీకు వేరుగా చెప్పనక్కరలేదు. వాన పడిన రెండు మూడు దినములలో, పదునారకముందే, విత్తనము నేలబడవలెను. ఆ దినములు తప్పినచో ఆ యేడు తప్పినట్లే. ఇంటిలో రూకలు లేవు. జేజి తన వెండి కడియములు తీసి, మాటాడక, అబ్బ ముందర పెట్టెను. అబ్బ వానిని ఆదోనిలో అమ్మి, వచ్చిన సొమ్మును నడుము సంచిలో కట్టుకొని, పొరుగువారి బండిలో నన్ను కూడ ఎక్కించుకొని, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు బయలుదేరెను.

ఆ జాతరలో ఒకవైపు తేరు, ఒకవైపు ఎద్దుల పరస. నాకు తేరు చూడవలెనని. అబ్బకు ఎద్దులు తప్ప మరేమియు కన్పించుటలేదు. రెండు దినములు తిరిగెను. ఒకదానికి నోరు తెరచి పళ్లు చూచును. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగా, కడపళ్లు కట్టినదా అని. ఒకదానికి సుడులు చూచును. ఒకదానిని నడిపించి వెనుకకాళ్లు ముందుకాళ్ల అడుగులలో పడుచున్నవా లేదా అని నేలపైని జాడలు చూచును. మూడవ నాటి ఉదయమున ఒక తెల్లకోడె వద్ద నిలిచిపోయెను. దాని యజమాని మాసిన తలపాగవాడు. పరస కొసన ఒక వేపచెట్టు క్రింద, తక్కినవారికి దూరముగ కూర్చుండెను. దళారియొకడు వచ్చి నోరు తెరవబోగా అబ్బ చేయియెత్తి వానిని వారించెను. ఇద్దరును ఎదురెదురుగ గొంతుక కూర్చుండిరి. అబ్బ భుజముమీది పైగుడ్డ తీసి ఇద్దరి కుడిచేతుల మీదను కప్పెను.

అటుపిమ్మట మాటలు లేవు. గుడ్డ క్రింద ఏదో కదలుచున్నది. తలపాగవాడు తల అడ్డముగ త్రిప్పును. అబ్బ ఆకాశమువైపు చూచును. మరల గుడ్డ కదలును. చుట్టును పదిమంది గుమిగూడిరి గాని, వారికి కన్పించునది పైగుడ్డ ముడుతలు మాత్రమే. ఒకసారి మాత్రము అబ్బ మెల్లగా, "నీ మాట నీదే గాని, నా చెయ్యి గూడా రవంత సూడప్పా" అనెను. ఆ బేరము తేలిన విధమును చివర చెప్పెదను. ముందు మూడువందల యేండ్లు వెనుకకు పోవలెను.

జాన్ బాప్తీస్తు తావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు 1605లో పారిసు నగరమున పుట్టినవాడు. రత్నముల వ్యాపారమునకై ఆరుమారులు తూర్పుదేశములకు ప్రయాణముచేసి, తాను చూచినదంతయు గ్రంథముగ వ్రాసి 1676లో అచ్చువేయించెను. అందు రావోల్కొండ యను గనిని వర్ణించెను. గోల్కొండకు ఐదు దినముల ప్రయాణమనియు, విజాపురమునకు ఎనిమిది తొమ్మిది దినముల ప్రయాణమనియు దాని ఉనికిని చెప్పెను. అది మన వెల్దుర్తి చేరువనున్న రామళ్లకోటయే యని చాలమంది యభిప్రాయము. ఆ గ్రంథమును 1889లో ఇంగ్లీషున ప్రకటించిన వాలెంటైన్ బాల్ దొర మాత్రము అది రాయచూరు సీమలోనిదని వాదించెను. నేను రామళ్లకోట పక్షమువాడను. సొంత సీమపై మమకారమని మీరు నవ్వినను నాకు చింతలేదు. రామళ్లకోటలో వజ్రములు త్రవ్విన గుంతలు కట్టుకథ కాదు గదా. కడప చెంత పెన్న యొడ్డున చెన్నూరునందును, బనగానపల్లె కొండలయందును గనులు నడచినవి. 1814లో హెయిన్ దొర వీనిని గూర్చి వ్రాసెను. 1872లో విలియం కింగు దొర కడప, కర్నూలు శిలల వరుసలను పరిశోధించి, వజ్రములున్న రాతిపొరకు బనగానపల్లె పేరే పెట్టెను.

ఇక తావెర్నియే చూచిన బేరము. కొనువాడును, అమ్మువాడును దరజీలవలె ఒకరికొకరు ఎదురుగ కూర్చుందురట. ఒకడు తన నడికట్టు విప్పును. అమ్మువాడు కొనువాని కుడిచేతిని పట్టుకొని, రెండు చేతులమీదను ఆ నడికట్టును కప్పును. చేయి మొత్తము పట్టుకొన్నచో వేయి. ఎన్నిసారులు నొక్కిన అన్ని వేలు. ఐదు వ్రేళ్లు మాత్రము పట్టుకొన్నచో ఐదువందలు. ఒక్క వ్రేలైన నూరు. వ్రేలి నడిమి కణుపు వరకు పట్టిన ఏబది. కొనకణుపు మాత్రమైన పది. చుట్టును ఎందరున్నను, ఒకే గదిలో ఒకే మూట అయిదారుమారులు చేతులు మారినను, ఎవడు ఎంతకు కొనెనో, ఎంతకు అమ్మెనో ప్రక్కవానికి తెలియదట. పెదవి కదలదు, కన్ను ఎగురదు. ఇది చదివినప్పుడే, పెద్దలారా, నాకు ఎమ్మిగనూరు వేపచెట్టు కన్నులకు కట్టినది. వజ్రపు బేరము నుండి ఎద్దుల పరసకు ఈ విద్య వచ్చినదో, ఎద్దుల పరసలో ముందే యున్నదానిని వజ్రపు వర్తకులు పట్టుకొనిరో విచారింపదగినదే. నాకు రెండవదే సహజమని తోచును. వజ్రములకంటె ఎద్దులు ముందు పుట్టినవి గదా!

అదే గ్రంథములో మరియొక చిత్రమున్నది. ఊరి నడుమ పెద్దచెట్టు క్రింద ప్రతి ఉదయమును కొందరు పిల్లలు కూడుదురు. పదియేండ్లు మొదలు పదునైదు పదునారేండ్ల వరకు వయస్సు. అందరును వర్తకుల కుమారులే. ఒక్కొక్కని నడుమునకు ఒకవైపు తూనికరాళ్ల సంచి, రెండవవైపు అయిదారువందల వరహాలు పట్టిన సంచి. అమ్మువాడెవడైన రాయి తెచ్చునా యని కాచుకొనియుందురు. తెచ్చినచో అది మొదట పెద్దవాని చేతికి పోవును. వాడు చూచి మాటాడక రెండవవాని కిచ్చును; వాడు మూడవవానికి. అట్లు చుట్టిచుట్టి మరల పెద్దవాని చేతికి వచ్చును. అప్పుడు వాడు ధర అడుగును. ఎక్కువకు కొనెనా, ఆ నష్టము వానిదే. సాయంకాలమున అందరును కొన్నవి ఒకచోట పోసి, నీరును, బరువును, తేటను బట్టి వేరుచేసి, పెద్దవర్తకులకు అమ్మి లాభము పంచుకొందురు. పెద్దవానికి తక్కినవారికంటె నూటికి పావువంతు మాత్రమే ఎక్కువ. పదియేండ్ల బాలునిచేత వరహాల సంచి నిచ్చి చెట్టు క్రింద కూర్చుండబెట్టిన ఆ తండ్రుల ధైర్యమును తలచుకొన్న నాకు ఇప్పటికిని వింతగ నుండును. మన మనుమలకు నేడు పాలప్యాకెట్టుకు రూకలిచ్చి పంపి, చిల్లర లెక్క సరిగా తెచ్చిరా లేదా యని చూచుకొనువారము గదా మనము.

అయితే ఈ వ్యవహారమునకు అడుగున మరియొకడున్నాడు. వాడు త్రవ్వినవాడు. వజ్రము తూచుటకు ఆనాడు మంజాడి యను తూకముండెను. మంజాడిగింజ మీరెరుగుదురు, ఎర్రని నున్నని గింజ. పరదేశీయులు దానినే మాంజలీను అనిరి. రావోల్కొండలో ఒక మంజాడి ఒకటిముప్పాతిక కారట్లని తావెర్నియే లెక్క. ఆ గనిలో కూలివానికి సంవత్సరమునకు మూడు వరహాలు మాత్రమే జీతమట! ఏడెనిమిది మంజాళ్లకు మించిన రాయి దొరికి యజమానికి తెచ్చియిచ్చినచో వానికి దక్కు బహుమానము తలపాగకు ఒక నూలుగుడ్డ, దానితో అర వరహాయో వరహాయో. ఏబదిమంది కూలీలపైని పండ్రెండు పదునైదుగురు కావలివారు. అట్లయినను ఒకడు రెండు మంజాళ్ల రాతిని కంటికొలికిలో దాచి పట్టువడెను. కంటిలో రాయి పెట్టుకొని పనిచేయవలెనన్న ఎంత లేమి యుండవలెనో ఆలోచింపుడు. తావెర్నియే ఆ దొంగతనమును వ్రాసెను, ఆ జీతమును కూడ వ్రాసెను. ఆ రెంటిని కలిపి చదువుట మన పని.

కావున పైగుడ్డ ఎవరిని కాపాడుచున్నదన్న ప్రశ్న నాకు ముఖ్యమైనది. వజ్రముల బేరమున అది వర్తకుని కాపాడెను. త్రవ్వినవానికి, తొలుత అమ్మినవానికి, రాతి అసలు వెల యెన్నడును తెలియరాదు. తెలిసినచో రేపు ఆ ధరకు దిగడు. తావెర్నియేయే మరియొక ముచ్చట చెప్పెను. ఒక సాయంకాలము చినిగిన బట్టతో, పేదవానివలె నున్న వర్తకుడొకడు వచ్చి అతని దగ్గర కూర్చుండెను. ఏవో చిల్లర రాళ్లు చూపెను. జనులు తొలగినపిమ్మట తలవెండ్రుకలలో ముడిచిన గుడ్డపీలిక విప్పి, 48½ కారట్ల వజ్రమును చేతిలో పెట్టెను. ఊరి అధికారికి తెలియకుండ బేరము ముగియవలెనని వాని తొందర. అధికారికి నూటికి రెండు సుంకము, ఆపైని చిక్కులు. భయపడువాడు తొందరపడును, తొందరపడువాడు తగ్గించి అమ్మును. ఇది ఎల్లకాలమును ఉన్నది.

పెద్దరాళ్ల విషయమున రాజులు ముందే గిరిగీసి యుంచిరి. విజయనగరపు దినములలో ఇరువది మంజాళ్లకు మించిన రాళ్లు రాజునకు చెందవలెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసెను. అయినను కొన్ని పెద్దరాళ్లు జారిపోయినవి. కృష్ణాతీరపు గనులలో దొరికిన 410 కారట్ల వజ్రమొకటి జామచందు అను వర్తకుని చేతికి, అతనినుండి మద్రాసు గవర్నరు తామసు పిట్టు చేతికి వచ్చెను. ఆ బేరము 1701 చివరనుండి 1702 వరకు సాగెను. వర్తకుడు మొదట రెండు లక్షల వరహాలు చెప్పెను. పిట్టు ముప్పదివేలనెను. ఆపైని లేచిపోవుట, తిరిగివచ్చుట, తగ్గుట, హెచ్చుట. చివరకు నలుబదియెనిమిది వేలకు తెగెను. రెండు లక్షలు చెప్పి నలుబదియెనిమిది వేలకు దిగుటయా యని లోకమనుకొనెను. బలవంతముగ లాగుకొనెనని పిట్టుపై వదంతులు లేచినవి. తాను న్యాయముగనే కొంటినని 1710లో అతడు ప్రమాణపత్రము వ్రాసికొనవలసివచ్చెను. 1717లో ఆ రాతిని ఫ్రాన్సు రాజప్రతినిధికి ఒక లక్ష ముప్పదియైదు వేల పౌనులకు అమ్మెను. అది నేటికిని పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. జామచందు మాట మనకు పిట్టు కాగితములలోనే తెలియును. అతని వైపు కాగితమేదియు లేదు.

ఇది పాతకథ యనుకొనకుడు. నేడును తొలకరి వానలు పడినంతనే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి, మద్దికెర చేలలోనికి జనులు గుంపులుగ వత్తురు. వాన పైమన్నును కడిగివేయగా రాళ్లు తేలునని వారి యాశ. చద్దిమూట కట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, నడుము వంచి చాలువెంట చూపు సారించుచు నడతురు. ఎండ్రకాయ గుంటలలో వెదకువారును కలరు. ప్రతి యేడును ఎవరికో ఒకరికి దొరికినదనియు, లక్షలు పలికినదనియు పత్రికలలో చదువుచున్నాము. దొరకని వేలమందిని గూర్చి పత్రికలు వ్రాయవు. అది వార్త కాదు.

మా దూరపు బంధువొకనికి వేరుసెనగలో కలుపు తీయునప్పుడు ఒక రాయి దొరికినది. పేరు చెప్పను, ఊరును చెప్పను. నాటిరాత్రియే ఒక వర్తకుడు వచ్చెను. ఎట్లు తెలిసినదో దేవునికెరుక. తలుపు మూసి, దీపము తగ్గించి మాటలాడిరి. "ఎవరికన్నా సెప్తివా, పోలీసోల్లొస్తారు, గవర్మెంటోల్లు ఎత్తకపోతారు" అని వర్తకుడు మెల్లగా భయపెట్టెను. మా బంధువు అప్పు తీరి, బోరునకు మోటారు కొనుటకు చాలినంత సొమ్ము తీసికొని రాయి యిచ్చివేసెను. మూడు నెలలు సంతోషముగనే యుండెను. పిమ్మట ఎవరో, ఆ రాయి మూడవచేతికి పోయినప్పుడు దానికి పదునైదింతలు పలికినదని చెప్పిరి. అది నిజమో, చెప్పినవాడు కల్పించినదో కనుగొనుటకు దారిలేదు. ఆ దినమునుండి అతనికి మోటారు చప్పుడు వినినప్పుడెల్ల మనసు చెదరుచుండెను. నష్టపోయితినని కూడ నిశ్చయముగ ఏడ్వలేని నష్టము అతనిది. తూకమును, వెలను తెలిసిన మనిషి యొక్కడు ఆ రాత్రి అతని ప్రక్కన నుండిన చాలును.

ఇక గుడ్డలేని బేరము, అనగా పదిమందిలో గొంతెత్తి ఆడు బేరము, దీనికి పూర్తిగా వేరుజాతి. అది ఆడువారి సొత్తు. శివరాత్రికి మహానంది పోయినను, దేవుని కడప తేరుకు పోయినను, ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణమునకు పోయినను వట్టిచేతులతో ఇల్లు చేరరాదని మనవారి నియమము. దేవుని చూచిన గుర్తుగ ఏదో ఒకటి కావలెను. కుంకుమభరిణె, పసుపుతాడు, ఇత్తడిగంట, పిల్లలకు పీకలు, బొరుగులు, బత్తాసులు. కోడూరు చేరువ శెట్టిగుంట పనివారు చెక్కు ఎర్రచందనపు బొమ్మలు పలు ఇండ్లలో నేటికిని గూటిలో నిలిచియున్నవి. వస్తువు వెల పావలా కావచ్చును. దానిని కొన్న కథ వెలలేనిది. "ఇది మహానందిలో తీసుకొంటి, వాడు ముప్పావలా సెప్పె, నేను ఆరణాలకు తెస్తి" అని ఇరువదియేండ్లు చెప్పుకొనవచ్చును.

ఈ బేరమునకు వరుసయున్నది. మొదట వస్తువువైపు చూడనట్లు చూడవలెను. వాడు ధర చెప్పగనే నిర్ఘాంతపోవలెను. సగమునకు కొంచెము తక్కువగ అడుగవలెను. వాడు "అమ్మా, నా కొంపార్పొద్దు" అనవలెను. అప్పుడు నాలుగడుగులు పోవలెను. ఐదవ అడుగునకు వాడు పిలువకపోయినచో మన లెక్క తప్పినట్లు. "రాతల్లీ రా, నీ మాటా వద్దు, నా మాటా వద్దు" అన్నచో బేరము తెగినట్లే. ఉదయము తొలిబేరమైనచో బోణీ. వచ్చిన రూకలు కన్నులకద్దుకొని, లాభము లేకున్నను ఇచ్చివేయును. గాజులమ్మువాని ధర్మము మరియు గొప్పది. మలారము విప్పి, ముంజేయి నొక్కి తొడుగునప్పుడు పగిలిన గాజు వానిదే, దానికి రూకలడుగడు. చివరకు కొసరు. శేరు తూచి, పైన పిడికెడు వేయనివాడు అంగడివాడు కాడు, ఆరిందా. వెల తగ్గించినవాడు కూడ కొసరు తగ్గింపడు. మా జేజి ధర విషయమున ఓడిపోయినచో కొసరులో గెలిచెడిది.

ఒక విశేషము చెప్పి ముందుకు పోయెదను. 1443లో హంపీ చూచిన అబ్దుర్ రజాకు, ఆ పురపు అంగడివీథిలో రత్నములు, ముత్యములు బాహాటముగ అమ్ముచుండిరని వ్రాసెను. కృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, పయేసు అను పోర్చుగీసువాడు ఆ సంతలను వర్ణించెను. సరిగా అదే కాలమున, 1520లోనే, కోర్టెసు అను స్పెయిను సేనాని మెక్సికో నగరపు అంగడిని గూర్చి తన రాజునకు ఉత్తరము వ్రాసెను. ఆ అంగడిలో దినమునకు అరువదివేలమంది కొనుట అమ్ముట చేయుచున్నారనియు, ఒక పెద్దశాలలో పదిపండ్రెండుమంది న్యాయాధికారులు కూర్చుండి అంగడి తగవులు తీర్చుచున్నారనియు చెప్పెను. తగవు తీర్చువారు అంగడిలోనే కూర్చుండుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి. మరుసటియేడే కోర్టెసు ఆ నగరమును నేలమట్టము చేసెను. హంపీ గతి 1565లో అట్లే యైనది. రాజ్యములు పోయినను సంతలు పోలేదు. మా మనుమడు అమెరికాలో ఉద్యోగము చేయుచు, సెలవులకు మెక్సికో పోయి, ఒహాకా యను పట్టణపు సంతలో నాకై ఒక ఉన్నికంబళి తెచ్చెను. అమ్మిన ముసలమ్మకు ఇంగ్లీషు రాదు, వీనికి ఆ భాష రాదు. ఆమె లెక్కలయంత్రముమీద అంకె నొక్కి వీని చేతికిచ్చునట. వీడు దానిని చెరిపి తన అంకె నొక్కి తిరిగి యిచ్చునట. అట్లు ఆరుమారులు. "మాటే లేదబ్బా, అంతా యేళ్లతోనే" అని నవ్వుచు చెప్పెను. వ్రేళ్లతోనే! నేను ఉలికిపడితిని. ఆ కంబళికి ఎంత యిచ్చెనో చెప్పమనగా, చివర ఆమె అంకెకే సరే యంటిననెను. "ఎందుకురా" అంటిని. "ఆమె సేతులు సూసినానబ్బా, నేసి నేసి కాయలు కాసినాయి" అనెను.

బేరమే లేని అంగడి యొకటి కలదనుట మనవారికి చాలకాలము నమ్మశక్యము గాలేదు. 1852 తరువాత పారిసులో బూసికో అను వర్తకుడు ప్రతి వస్తువునకు వెలచీటి కట్టి, పెద్దకును పేదకును ఒకే ధర యనెను. మన సీమలో నేను మొదట ఎరిగిన ఒకేధర అంగడి ఎమ్మిగనూరులోనే. అక్కడ మాచాని సోమప్పగారు 1938లో నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. కరవులతో, నూలు వర్తకుల అప్పులతో నలిగిన మగ్గములవారికి అది నీడయైనది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చెను. ఆ సంఘపు దుప్పట్లకు, తువాళ్లకు చీటిమీద ధర. మా అబ్బ ఆ చీటిని చూచి, "ఇదేం అంగడప్పా, నోరే మూసేసిరే" అని నవ్విన మాట నాకు జ్ఞాపకమున్నది. అయినను మారుమాటాడక కొనెను. నేసినవానికి కూలి ముందుగనే కట్టి యుంచిన ధర యది. దానిని తగ్గింపుమనుట ఎవరిని తగ్గింపుమనుటయో ఆయన ఎరుగును. వేపచెట్టు క్రింద ఆయన పరచిన పైగుడ్డ అంతకుముందు యేడు అక్కడ కొన్నదే.

ఆ బేరము సంగతి మిగిలినది. ఎంతసేపైనదో నాకు తెలియదు. నీడ జరిగి ఎండ నా వీపున పడినది. తలపాగవాని కన్నులలో నీరు తిరుగుట చూచితిని. అబ్బయు చూచెను. గుడ్డ క్రింద చేయి కదలుట ఆగినది. అప్పుడు అబ్బ నావైపు తిరిగి, "నీ సెయ్యి గూడా పెట్రా" అని నా చేతిని లోపలికి లాగెను. తలపాగవాని చేయి చల్లగ, చెమటతో నుండెను. అబ్బ నా వ్రేళ్లను అతని వ్రేళ్లమీద ఒక్కొక్కటిగ ఉంచెను. అంతకుమునుపు అతడు దిగివచ్చిన అంకెకంటె అది ఎక్కువయని నాకు ఇంటికి పోవు దారిలో అబ్బ చెప్పెను. అతని యింట కూతురి పెండ్లి. లగ్నము నాలుగు దినములలో. పరస ముగియువేళకు ఎంతకైనను అమ్మకతప్పదు. ఆ సంగతి పరసలో అందరికి తెలియును. అందుకే అతడు కొసన, దూరముగ కూర్చుండెను. "ఎంతకమ్మినాడో వాళ్లూరోల్లకు తెలీకూడదురా. తక్కువకంటే నగుతారు, ఎక్కువకంటే అప్పులోల్లొస్తారు" అని అబ్బ నాతో అనెను.

అతడు కోడె పగ్గము విప్పి తన భుజమున వేసికొనెను. పాతపగ్గము అమ్మినవానిదే గదా. అబ్బ కొత్తపగ్గము కట్టెను. కోడె ఒకసారి వెనుదిరిగి చూచినది. అతడు చూడలేదు. మిగిలిన చిల్లరతో జేజికి ఒక డజను నల్లగాజులు, నాకొక కొయ్యయెద్దు కొనబడినవి. కొయ్యయెద్దునకు మాత్రము అబ్బ గొంతెత్తి, నలుగురును వినునట్లు, అణాకు బేరమాడెను.

ఇల్లు చేరగనే జేజి కోడెను చుట్టి చూచి, కొమ్ములకు పసుపు పూసి, "ఎంతకు తెస్తిరి" అనెను. అబ్బ, "నీ కడియాలకు సరిపాయె" అని లోపలికి పోయెను. జేజి నన్ను వంటయింటికి పిలిచి, బెల్లపుముక్క చేతిలో పెట్టి, మెల్లగా అడిగెను. నేను బెల్లము తింటిని గాని, అంకె చెప్పలేదు. మరునాడు కాసిన్ని బొరుగులు పెట్టి మరల అడిగెను. అప్పుడును చెప్పలేదు. ఆ కోడె మా యింట పదునొకండేండ్లు అరక లాగెను. అబ్బ పోయెను, జేజి పోయెను. కొయ్యయెద్దు ఒక చెవి విరిగి మా గూటిలో నున్నది. మీరును ఇప్పుడు అడుగుదురని నాకు తెలియును. మీకును చెప్పను.